నోటీసులు చదివే అమ్మాయిని ఏం చదివించాలి?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. కొబ్బరికాయల వ్యాపారం చేస్తాను. మా అమ్మాయి బీఏ పూర్తి చేసి, ఏడాదిగా సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం ఎదురుగా ఒక దస్తావేజు లేఖరి దగ్గర పనిచేస్తోంది. పేపర్లో వచ్చే పబ్లిక్ నోటీసులు కత్తిరించి నోటుబుక్కులో అంటించడం, పంచాయతీ బోర్డు మీద కొత్త కాగితం కనబడితే బండి ఆపి చదవడం దానికి అలవాటైంది. ఇప్పుడు లా చదువుతానంటోంది. బంధువులు బ్యాంకు కోచింగ్‌కు పంపమంటున్నారు. ఈ నోటీసుల పిచ్చిలో బతుకుతెరువు ఉందంటారా? పెళ్లయి వేరే ఊరు వెళ్లిపోతే ఈ చదువంతా వృథా కాదా?

జవాబు: నమస్కారమండి. అమ్మాయిని లా చదివించండి. అయితే సీటు వచ్చేదాకా ఇప్పుడు చేస్తున్న పని మాన్పించవద్దు. లా కాలేజీలో చట్టం నేర్పుతారు గాని, ఒక భూమికి సంబంధించిన మనుషులు ఎవరెవరో పాత కాగితాల్లోంచి వెతికి పట్టుకోవడం నేర్పరు. ఆ విద్య దస్తావేజు లేఖరి బల్ల దగ్గరే వస్తుంది. ఒక సంగతి ఎవరెవరికి తెలియాలో తేల్చి, వారికి నిజంగా తెలిసేలా చేయడమే నోటీసు పని. నోటీసు మీద ఇంత ఇష్టం ఉన్న పిల్లకు ఈ పని మీద పట్టు చిక్కితే, మన ప్రాంతంలో దానితో బతకడానికి ఒకటి కాదు, నాలుగైదు దారులున్నాయి.

ఆమె నోటుబుక్కులో ఇలాంటిది ఒకటి తప్పక ఉండి ఉంటుంది: "ఇందుమూలముగా యావన్మందికి తెలియజేయడమేమనగా, దిగువ షెడ్యూలు ఆస్తిని మా క్లయింటు కొనుగోలు చేయనైయున్నారు. సదరు ఆస్తిపై ఎవరికైనా హక్కులున్నచో 7 దినములలోగా తగు ఆధారములతో తెలియపరచవలెను. తదుపరి వచ్చు ఎట్టి అభ్యంతరములు చెల్లనేరవు." వీటిలో ఆఖరి వాక్యాన్ని మన ఊళ్లలో చాలామంది తీర్పులా చదువుకుంటారు. ఒక న్యాయవాది తన క్లయింటు తరఫున వేయించిన ప్రకటన వల్ల ఎవరి హక్కూ వారం రోజుల్లో పోదు. తన ఆస్తి స్వాధీనం కోసం హక్కుదారు దావా వేయడానికి 1963 నాటి కాలపరిమితి చట్టం 12 ఏళ్ల గడువు ఇస్తోంది. మరి ఆ ప్రకటన దండగా అంటే, కాదు. రేపు వివాదం వస్తే, కొనేవారు కొనేముందు తగిన జాగ్రత్త తీసుకున్నారని చెప్పుకోవడానికి అది ఒక ఆధారంగా పనికి వస్తుంది. దాని బలం అంతవరకే. చట్టం వేయించమన్న నోటీసునూ, ఆనవాయితీగా వేసే నోటీసునూ చూడగానే విడదీయగలగడం ఈ వృత్తిలో మొదటి మెట్టు.

చట్టం వేయించమన్న నోటీసులలో గడువు ఒక్కటే ఉండదు. మీ ప్రాంతం మీదుగానే 216వ జాతీయ రహదారి వెళుతోంది. కోటిపల్లి - నరసాపురం రైల్వే లైను మాట మీరు పాతికేళ్లుగా వింటూనే ఉన్నారు. జాతీయ రహదారి కోసం 1956 నాటి చట్టం 3ఎ సెక్షన్ కింద నోటిఫికేషన్ వస్తే, అభ్యంతరం చెప్పడానికి 21 రోజులే. ప్రత్యేక ప్రాజెక్టుగా ప్రకటించిన రైల్వే లైను కోసం 1989 నాటి రైల్వే చట్టం కింద తీసుకుంటే 30 రోజులు. ఇతర ప్రజా అవసరాలకు 2013 నాటి భూసేకరణ చట్టం 11వ సెక్షన్ కింద తీసుకుంటే 60 రోజులు. ఒకే కొబ్బరి తోటకు ఒక గట్టు వైపు ఒక గడువు, రెండో గట్టు వైపు ఇంకో గడువు ఉండవచ్చునన్నమాట. కాగితం మీద ముందు సెక్షన్ నంబరు, ఆ తర్వాత తేదీ చూడాలి. చివరకు చూడవలసినది పేరు, కాని మన వాళ్లు ముందు పేరే చూస్తారు.

మా కుటుంబంలో జరిగింది కూడా అదే. రోడ్డు వెడల్పు కోసం మా 18 సెంట్లు నోటిఫికేషన్లో వచ్చాయి. దానిలో ఉన్నది మా తాతగారి తండ్రి పేరు, అదీ ఇంటిపేరులో ఒక అక్షరం తప్పుతో. మా నాన్నగారు ఆ పేజీ చదివి, ఎవరిదో అనుకుని మడిచి పక్కన పెట్టేశారు. మా పొలమే అని తెలిసేసరికి 21 రోజులు దాటిపోయాయి. పరిహారం కోరడానికి తర్వాత వేరే ప్రకటన వచ్చింది కనుక డబ్బు పోలేదు గాని, మలుపు కొంచెం జరిపితే బావి మిగిలేదన్న మాట చెప్పుకునే అవకాశం లేకుండా పోయింది. సంబంధిత కార్యాలయం చట్టప్రకారం చేయవలసింది చేసింది. కాకపోతే రికార్డులో ఉన్న పేరు మూడు తరాల కిందటిదని అక్కడ ఎవరూ చూడలేదు, మా ఇంట్లోనూ ఎవరూ మార్పించలేదు.

డెల్టాలో ఈ చిక్కు మరీ ఎక్కువ. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబరు స్థానంలో ఎల్పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబరు వచ్చింది. దస్తావేజులో ఒక నంబరు, కొత్త రికార్డులో మరో నంబరు ఉంటే, నోటీసు చదివినా తన పొలమేనని రైతుకు తెలియదు. లంక భూముల హద్దుల్లో "ఉత్తరం: గోదావరి పాయ" అని రాసి ఉంటుంది, ఆ పాయ ఈలోగా ఎటు జరిగిందో ఊళ్లో పెద్దవారే చెప్పాలి. అన్నదమ్ములు పంచుకున్న భూమిలో ఆడపిల్లల పేర్లు చాలా కాగితాల్లో కనబడవు. కాని 2005 నాటి హిందూ వారసత్వ సవరణ తర్వాత, 2020లో సుప్రీంకోర్టు దాన్ని వివరించాక, ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే వాటా ఉంది. ఆ కూతురు కువైట్‌లో పనిచేస్తూ ఉండవచ్చు, ఆమె ఇచ్చిన జీపీఏ (తన తరఫున వ్యవహారాలు చూసే అధికార పత్రం) తమ్ముడి చేతిలో ఉండవచ్చు. అమలాపురం ఎడిషన్లో వేసిన నోటీసు ఆమెకు చేరుతుందా? బ్యాంకులకు టైటిల్ (ఆస్తి హక్కు) మీద లీగల్ ఒపీనియన్ రాసే న్యాయవాదికి పేరు తెచ్చేది ఇలాంటి ప్రశ్న వేసుకునే అలవాటే. మీ అమ్మాయికి అడంగల్ (సాగు రికార్డు), 1బి (హక్కుల రికార్డు), ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా), ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటం) చూడడం ఇప్పటికే వచ్చి ఉంటుంది. లా పూర్తి చేసి వచ్చే పిల్లల్లో చాలామంది ఈ మాటలు కోర్టుకు వచ్చాకే మొదటిసారి వింటారు.

బ్యాంకు మాట వచ్చింది కనుక, మీ బంధువుల సలహానూ పూర్తిగా తోసిపుచ్చను. పేపర్లో రోజూ కనబడే స్వాధీన ప్రకటనలు, వేలం ప్రకటనలు ఎక్కువగా, బ్యాంకులు మొండి బాకీలు రాబట్టుకునే 2002 నాటి సర్ఫేసీ చట్టం కిందివే. మొదట అప్పు తీర్చమని 60 రోజుల నోటీసు ఇస్తారు. తీర్చకపోతే ఆస్తి స్వాధీనం చేసుకుని, ఆ సంగతిని 7 రోజుల్లో రెండు ప్రధాన పత్రికల్లో ప్రకటిస్తారు, వాటిలో ఒకటి స్థానిక భాషా పత్రిక కావాలి. స్వాధీనం మీద అభ్యంతరం ఉంటే 45 రోజుల్లో రుణ వసూలు ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. ఆస్తి విడిపించుకోవాలంటే వేలం ప్రకటన ప్రచురితమయ్యేలోపే బాకీ మొత్తం కట్టాలి. 2016 సవరణలో వచ్చిన ఈ షరతు తెలియక, వేలం రోజుకు డబ్బు తెస్తే సరిపోతుందనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. వ్యవసాయ భూమి మీది తాకట్టు ఈ చట్టం కిందికి రాదు. చేపల చెరువుగా, రొయ్యల చెరువుగా తవ్విన పొలం వ్యవసాయ భూమి అవుతుందా, కాదా అన్నది భీమవరం చుట్టుపక్కల న్యాయవాదులకు అన్నం పెట్టే వాదన. ఈ పనికి బ్యాంకుల్లో లా ఆఫీసర్లు కావాలి. బ్యాంకు నియామక పరీక్షలు జరిపే ఐబీపీఎస్ వారు తీసుకునే ఆ పోస్టులకు లా డిగ్రీ, బార్ కౌన్సిల్‌లో నమోదు ఉండాలి, వయసు 30 దాటకూడదు. అంటే బ్యాంకు ఉద్యోగానికి కూడా లా మీదుగానే ఒక దారి ఉంది. లేదా గ్రూప్-2లో సబ్ రిజిస్ట్రార్, డిప్యూటీ తహసీల్దార్ పోస్టులున్నాయి, వాటికి ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. ఒక్క సంగతి గుర్తుంచుకోండి. పూర్తికాలం జీతం తీసుకునే ఉద్యోగంలో ఉన్నంతకాలం న్యాయవాదిగా ప్రాక్టీసు చేయడం కుదరదు.

జిల్లా కోర్టుల్లో జూనియర్ అసిస్టెంట్, కాపీయిస్ట్, ప్రాసెస్ సర్వర్ వంటి ఉద్యోగాలూ ఉన్నాయి. వీటిని చిన్నచూపు చూడవద్దు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 21వ ఆర్డరు 54వ రూలు ప్రకారం, కోర్టు ఒక స్థిరాస్తిని జప్తు చేస్తే ఆ ఆస్తి దగ్గర డప్పు కొట్టి గాని, అక్కడి ఆచారం ప్రకారం మరోలా గాని చాటించాలి, ఉత్తర్వు ప్రతిని ఆస్తి మీదా కోర్టులోనూ అంటించాలి. ఊళ్లో దండోరా వేసే రోజులు పోయాయనుకుంటాం గాని, పుస్తకంలో చాటింపు ఇంకా ఉంది. ఆ చాటింపు నిజంగా జరిగిందా, లేక ఎక్కడో కూర్చుని రిపోర్టు రాశారా అన్న దాని మీద వేలాలు కొట్టివేతకు గురవుతాయి. కోర్టు అమీనా (జప్తు ఉత్తర్వులు అమలు చేసే ఉద్యోగి) రాసే నాలుగు లైన్ల రిపోర్టుకు అంత విలువ ఉంది.

ఇక లా సంగతి. డిగ్రీ ఉంది కనుక ఏపీ లాసెట్ (లా ప్రవేశ పరీక్ష) రాసి మూడేళ్ల ఎల్ఎల్‌బీలో చేరవచ్చు. డిగ్రీలో 45 శాతం, ఓబీసీలకు 42, ఎస్సీ ఎస్టీలకు 40 శాతం మార్కులుండాలి. భీమవరం, రాజమహేంద్రవరం దగ్గరే కనుక దూరం పోనక్కరలేదు. డెల్టాలో సివిల్ ప్రాక్టీసు చేయదలచినవారికి విశాఖ కన్నా ఇవే మేలని నా అభిప్రాయం. తరగతులకు సక్రమంగా వెళ్లవలసిన కోర్సు ఇది, ఇంట్లో కూర్చుని పరీక్షలు రాసేస్తే చాలునని ఎవరైనా చెబితే నమ్మవద్దు. డిగ్రీ తర్వాత బార్ కౌన్సిల్‌లో నమోదు కావాలి. చట్టంలో ఉన్న 750 రూపాయలకు మించి, ఎస్సీ ఎస్టీలైతే 125 రూపాయలకు మించి, నమోదు రుసుము తీసుకోకూడదని 2024 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆపైన ఆలిండియా బార్ ఎగ్జామ్ పాస్ కావాలి. జడ్జి కావాలన్న ఆశ ఉంటే, 2025 మే 20 నాటి సుప్రీంకోర్టు తీర్పు జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరి చేసింది.

డబ్బు గురించి మీరు నేరుగా అడగలేదు గాని మీ ప్రశ్న అదేనని నాకు తెలుసు. మొదటి మూడు నాలుగేళ్లు రాబడి తక్కువ. జూనియర్లకు గ్రామీణ ప్రాంతాల్లో నెలకు 15 వేలు, పట్టణాల్లో 20 వేలు ఇవ్వమని 2024లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సూచించింది. అది సూచనే కనుక ఇవ్వనివారే ఎక్కువ. ఏ సీనియర్ దగ్గర చేరాలో తేల్చుకునేటప్పుడు ఒకటి గమనించమనండి. అమలాపురం ఆస్తికి, అక్కడ ఎవరూ తెప్పించుకోని పత్రిక వెతికి నోటీసు వేయించే న్యాయవాదులు కొందరున్నారు. ప్రకటన వేశామన్న మాట దక్కాలి, చదివేవాడు ఉండకూడదు అన్నది వారి లెక్క. అలాంటి ఆఫీసులో ఫీజులు త్వరగానే వస్తాయి, కాని ఆ పిల్లలో ఇవాళ ఉన్న మంచి గుణం ఏడాదిలో పోతుంది.

లాసెట్ వరకు ఉన్న నెలల్లో కత్తిరించి అంటించడం ఒక్కటే సరిపోదు. ఒక్కో నోటీసు కింద నాలుగు లైన్లు రాయమనండి: ఏ చట్టం కింద వచ్చింది, గడువు ఏ తేదీతో ముగుస్తుంది, అభ్యంతరం ఎక్కడ ఇవ్వాలి, ఈ కాగితంలో పేరు ఉండవలసి ఉండి లేనిది ఎవరిది. నాలుగోది రాయాలంటే రికార్డు తీయాలి, కొన్నిసార్లు గట్టు దాకా నడవాలి. నెలకు రెండు అలా చేసినా చాలు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ పారా లీగల్ వాలంటీర్లను తీసుకునేటప్పుడు దరఖాస్తు పెట్టమనండి. గౌరవ వేతనం కొద్దిగానే ఉంటుంది, కాని నోటీసు పట్టుకుని భయంతో వచ్చే మనిషి ఎదురుగా కూర్చోవడం అక్కడ అలవాటవుతుంది.

పెళ్లి విషయానికి వస్తే, ఒక రాష్ట్రంలో నమోదైన న్యాయవాది దేశంలో ఏ కోర్టులోనైనా ప్రాక్టీసు చేయవచ్చు. 2011 జూన్ నుంచి ఆ హక్కు అమల్లో ఉంది. నమోదును వేరే రాష్ట్రానికి మార్పించుకోవడానికీ వీలుంది. పాలకొల్లు, తణుకు, కాకినాడ వైపు వెళితే రికార్డులు ఇవే, మాటలు ఇవే, మొదటి రోజు నుంచీ పని జరుగుతుంది. హైదరాబాదు వెళితే భూమి చట్టాలూ రికార్డుల పేర్లూ వేరు కనుక ఒక ఏడాది మళ్లీ నేర్చుకోవాలి. సంబంధం చూసేటప్పుడు జాతకంతో పాటు ఆ ఊళ్లో సివిల్ కోర్టు ఎంత దూరమో కూడా అడగండి.