గొంతు విని జబ్బు చెప్పే కంప్యూటర్ చదువు: పరకాల తండ్రికి జవాబు

పరకాల నుంచి ఒక తండ్రి రాశారు. ఎరువుల దుకాణం నడుపుతారు. బిడ్డ ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసింది, ర్యాంకు పర్వాలేదు. మనిషి మాట్లాడే తీరును కంప్యూటర్‌తో పరిశీలించి మానసిక జబ్బును పట్టుకునే పని చేస్తానంటోందట. ఒక ప్రైవేటు కాలేజీ వాళ్లు 'ఏఐ హెల్త్‌కేర్' బ్రాంచిలో మేనేజ్‌మెంట్ సీటు ఉంది, వారంలో అడ్వాన్సు కట్టండి అంటున్నారు. అది మంచిదా, మామూలు సీఎస్‌ఈ మంచిదా, సైకాలజీ చదివించాలా అని అడిగారు. చివర్లో ఇలా రాశారు: "మా బామ్మర్దికి ఆరేండ్ల సంది స్కిజోఫ్రీనియాకు మందులు నడుస్తున్నయి. మా ఇంట్లనే ఉంటడు. ఊళ్లె అడిగితే హైదరాబాద్‌ల జాబ్ అని చెప్తం. బిడ్డ ఆయన మాటలు ఫోన్‌ల రికార్డు చేసుకుంటాంది. నాకు బుగులైతాంది."

మూడు చదువుల తేడా చెబుతాను. ముందు ఆ బుగులు సంగతి చూద్దాం. ఇలాంటి ఉత్తరాల్లో అసలు ప్రశ్న ఎప్పుడూ చివరి వరసల్లోనే ఉంటుంది.

ఈ చదువు చదివితే జబ్బు అంటుకోదు. మానసిక జబ్బు గురించి చదివినా, ఆ మనిషి పక్కన కూర్చుని మాట్లాడినా రాదు. రక్తసంబంధం మాటకొస్తే, స్కిజోఫ్రీనియా మామూలుగా వందలో ఒకరికి అటూఇటూగా వస్తుంది. మేనమామకు ఉంటే ఆ అవకాశం కొంచెం పెరుగుతుంది, అయినా వందలో తొంభైకి పైగా మందికి రాదు. మీ బిడ్డ నిద్రపోతోంది, తింటోంది, పరీక్షలు రాసి ర్యాంకు తెచ్చుకుంది. ఇంట్లో అందరూ తప్పించుకు తిరిగే మనిషి దగ్గర కూర్చుని ఆయన మాట వింటోంది. దానికి భయపడతారేం?

కొంచెం గట్టిగానే అంటున్నాను, ఏమీ అనుకోకండి. ఉత్తరంలో సీటు ఖర్చు గురించి ఒకటిన్నర పేజీ రాశారు, ఇంట్లో ఉన్న మనిషి గురించి నాలుగు వరసలు. వెనక గదిలో ఉన్న మనిషిని హైదరాబాద్‌లో జాబ్ చేస్తున్నాడని చెబుతున్నారంటే, ఆయన ఆ మాట వినడం లేదనుకుంటున్నారా? బిడ్డ ఈ దారి పట్టడానికి కారణం కాలేజీ వాళ్ల పాంప్లెట్ కాదు. ఆరేండ్లుగా ఆ ఇంట్లో జరుగుతున్నది చూసింది. సంబంధాలు రావేమోనన్న దిగులు కూడా మీ మాటల వెనక కనిపిస్తోంది. ఆమెకు పద్దెనిమిదేళ్లు. ఆ దిగులు ఇప్పుడు పక్కన పెట్టండి.

ఇక ఆమె చెబుతున్న పని సంగతి. ఇది గాలి మాట కాదు. డిప్రెషన్‌ను, స్కిజోఫ్రీనియాను తేల్చే రక్తపరీక్ష ఇప్పటికీ లేదు. డాక్టరు మాట్లాడించి, ఇంట్లో వాళ్లను అడిగి తేలుస్తారు. డిప్రెషన్‌లో ఉన్నవాళ్లు మెల్లగా, తక్కువ గొంతుతో, ఆగి ఆగి మాట్లాడతారని వందేళ్ల కిందటే జర్మన్ వైద్యుడు క్రెపెలిన్ రాసిపెట్టాడు. ఆ ఆగడాన్ని, గొంతులో ఎత్తుపల్లాలను కంప్యూటర్ కొలవగలదు. ఒక వాక్యానికీ తర్వాతి వాక్యానికీ అర్థంలో లంకె ఉందా, తెగిందా అన్నది కూడా లెక్కగట్టగలదు.

2015లో న్యూయార్క్‌లో, సైకోసిస్, అంటే లేనివి వినబడి, భ్రమలే నిజమనిపించే స్థితి వచ్చే ముప్పు ఉన్న 34 మంది యువత మాటలను ఇలా పరిశీలించారు. వాళ్లను రెండున్నరేళ్ల వరకు గమనిస్తే అయిదుగురికి సైకోసిస్ వచ్చింది. ఆ అయిదుగురినీ మిగతావాళ్ల నుంచి కంప్యూటర్ లెక్క పొల్లుపోకుండా వేరు చేసింది. నూటికి నూరు అని పత్రికలు రాసింది దీన్నే. అయిదుగురు అంటే ఎంతమంది? మీ దుకాణం ముందు బెంచీ మీద పడతారు. 2018లో లాస్ ఏంజెలిస్ యువత మాటలతో నేర్పించిన పద్ధతిని న్యూయార్క్ వాళ్ల మీద పెడితే 79 శాతం సరిగ్గా చెప్పింది. ఆ లెక్కన వందమందిలో ఇరవై ఒక్క మంది విషయంలో తప్పు చెబుతుంది. లేని జబ్బు ఉందని ఒక పిల్ల నుదుట రాసేస్తే మన ఊళ్లలో ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

నాకున్న పెద్ద అనుమానం భాష దగ్గర. 2015 లెక్కలో చూసిన వాటిలో ఒకటి, మనిషి ఇంగ్లిష్‌లో 'దట్', 'విచ్' లాంటి చిన్న మాటలు ఎంత వాడుతున్నాడన్నది. తెలుగు వాక్యం అలా నడవదు. 'నిన్న వచ్చిన డాక్టరు' అంటే చాలు, మధ్యలో ఆ అతుకు మాట అవసరమే లేదు. 'రాలేకపోతున్నానన్నాడు' అనే ఒక్క మాటను ఇంగ్లిష్‌లో చెప్పాలంటే ఏడెనిమిది మాటలు కావాలి. వాక్యంలో మాటలు లెక్కపెట్టే పద్ధతికి మన పెద్దమనుషులంతా పొడి మాటల వాళ్లలాగే కనబడతారు. ఇక వరంగల్ జిల్లాల్లో ఎవరైనా వచ్చి 'నాకు డిప్రెషన్‌గా ఉంది' అంటారా? 'పాణం బాగుంటలేదు', 'గుండెల దడదడ', 'బుగులు' అంటారు. ఇంగ్లిష్ వాళ్ల గొంతులతో నేర్పిన యంత్రానికి ఈ బుగులు ఎవరు నేర్పాలి?

పోయినేడు హన్మకొండలో నా కౌన్సెలింగ్ గదికి ఒక తల్లి, డిగ్రీ చదివే కొడుకు వచ్చారు. ఏం అడిగినా పిల్లవాడు 'మంచిగనే ఉన్న' అన్నాడు. గొంతు కూడా మామూలుగానే ఉంది. నేను కూడా పట్టుకోలేదు. లేచి వెళ్లబోతూ తల్లి గుమ్మం దగ్గర ఆగి, "టీవీ సౌండ్ తగ్గించుమని రోజు నా మీద అరిచేటోడు. రెండు నెలల సంది అరుస్తలేడు" అంది. ఇద్దరినీ మళ్లీ కూర్చోబెట్టాను. ఆ వారమే సైకియాట్రిస్టు దగ్గరికి పంపాను. ఆ తల్లికి పాత గొంతు తెలుసు కాబట్టి కొత్త మౌనం వినబడింది. యంత్రమైనా సరే, ఒకే మనిషి మాటను నెలల తరబడి వింటేనే కొంత పనికొస్తుందని నా నమ్మకం. ఒక్క నిమిషం గొంతు ఇవ్వండి, జబ్బు చెబుతాం అనే యాప్‌లను నేను నమ్మను.

అందుకే ఆ 'ఏఐ హెల్త్‌కేర్' సీటుకు అడ్వాన్సు కట్టకండి. బ్రాంచి పేరు కొత్తది. లోపల పాఠం చెప్పేవాళ్లెవరు, ఏ ఆస్పత్రితో కలిసి పనిచేస్తున్నారు అని ఫోన్‌లో అడగండి. జవాబుకు బదులు ప్లేస్‌మెంట్ లెక్కలు చెబితే మీకు అర్థమైపోతుంది.

సీఎస్‌ఈ సరే. ఈసీఈని కూడా చిన్నచూపు చూడకండి, గొంతును సిగ్నల్‌గా చదవడం నేర్పేది ఆ బ్రాంచే. ఆమెకు భాష మీద నిజంగా ఇష్టం ఉంటే హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో కంప్యూటర్ సైన్స్, భాషాశాస్త్రం కలిపిన అయిదేళ్ల కోర్సు ఉంది, దాని ప్రవేశం సంగతి చూడమనండి. సైకాలజీ అయితే దారి వేరు. డిగ్రీతో ఆగితే ఉద్యోగం కష్టం. ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) గుర్తింపు ఉన్న క్లినికల్ సైకాలజీ శిక్షణ దాకా వెళ్లాలి. ఏ చదువు చదివినా, జబ్బు ఇది అని సంతకం పెట్టి మందు రాసేది సైకియాట్రిస్టే. ఇంజినీరు ఆ డాక్టరు చేతికి ఒక పనిముట్టు ఇస్తుంది, అంతే. ఈ తేడా బిడ్డకు ఇప్పుడే చెప్పండి. నాలుగేళ్లలో ఆమె మనసు మారినా నష్టం లేదు, మంచి కాలేజీలో ఈసీఈ, సీఎస్‌ఈ చదివిన పిల్లకు దారులు మూసుకుపోవు. మేనమామ మాటను శ్రద్ధగా విన్న చెవి ఆమెకు ఉంది. తెలుగులో ఈ పని చేసేవాళ్లకు కావాల్సింది ముందు అదే.

ఒక్క విషయంలో మాత్రం బిడ్డను ఆపాలి. మేనమామకు చెప్పకుండా రికార్డు చేయడం తప్పు. తన జబ్బు సంగతి గోప్యంగా ఉంచుకునే హక్కు 2017 మానసిక ఆరోగ్య చట్టం ఆయనకు ఇచ్చింది. కోపంతో ఫోన్ లాక్కోకండి. ముగ్గురూ కూర్చుని ఆయన్నే అడగండి, నీ మాటలు దాచుకోవచ్చా అని. వద్దంటే ఆమె చేతే ఆ ఫైళ్లు తీసేయించండి. సరేనంటే ఎందుకు వింటోందో ఆమెనే ఆయనకు చెప్పమనండి. మీకు రాత్రిళ్లు ఈ దిగులుతో నిద్ర పట్టకపోతే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలిమానస్ నంబరు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఈసారి ఉత్తరంలో బామ్మర్ది ఏమన్నాడో కూడా రాయండి.