గ్రీకులో ఒక్క మాట, తెలుగులో ఇద్దరు మనుషులు

చిరంజీవికి ఆశీస్సులు.

నీవు పంపిన కథను రెండుసార్లు చదివాను. ప్రాచీన గ్రీకు ప్రపంచాన్ని తెలుగులోకి తేవాలన్న నీ తపన నాకెంతో నచ్చింది. అయితే ఏథెన్సులోనూ, యెరూషలేములోనూ, ఎఫెసులోనూ కలం పట్టిన ప్రతివాణ్ణీ 'లేఖకుడు' అనే ఒక్క మాటతో సరిపెట్టావు. నిఘంటువు ప్రకారం అది తప్పు కాదు గాని, ఆ మాట వల్ల నీ కథలోని ముగ్గురూ ఒకే మనిషైపోయారు.

గ్రీకులో ఆ మాట 'గ్రమ్మతెయుస్'. 'గ్రమ్మ' అంటే అక్షరం. దానికి మూలమైన 'గ్రాఫైన్' అనే క్రియకు గీరడం అనేది పాత అర్థం. హోమర్ కావ్యం ఇలియడ్‌లో ఈటె మొన ఎముకను గీరిన చోట కనిపించేది ఆ క్రియే. తాటాకు మీద గంటంతో గీసి, ఆ గీతల్లో మసి పూసి అక్షరాన్ని తేల్చిన మనవాళ్ళకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కరలేదు.

కాని వ్యుత్పత్తి దగ్గరే ఆగిపోకు. ఆ మనిషి చేసిన పనిని చూడు. ఏథెన్సులో అతడు నగర కార్యదర్శి. క్రీ.పూ. 414 చలికాలంలో సిసిలీ నుంచి సేనాని నికియాస్ పంపిన జాబు చేరినప్పుడు, సభలో ముందుకు వచ్చి దాన్ని చదివి వినిపించినవాడు నగర గ్రమ్మతెయుస్ అని ఆనాటి చరిత్రకారుడు థుసిడిడీస్ రాశాడు. ముట్టడించడానికి వెళ్ళిన తమ సైన్యమే ముట్టడిలో పడిందన్న వార్తను ఆ ఊరు విన్నది అతని గొంతులోనే. నీ కథలో అతనికి గొంతే లేదు.

లేఖకుడు అనే అర్థమున్న 'సోఫేర్' అనే హీబ్రూ మాటను గ్రీకులోకి తెచ్చినవారు కూడా ఈ పదాన్నే ఎంచుకున్నారు. సువార్తల కాలానికి అతడు ధర్మశాస్త్రం చదివి, దాన్ని బోధించే పండితుడు. అందుకే తెలుగు బైబిలులో 'శాస్త్రులు' అయ్యాడు. అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయంలో మాత్రం, ఎఫెసు నాటకశాలలో జనం రెండు గంటలసేపు అర్తెమిదేవి పేరు కేకలు వేస్తుంటే, వాళ్ళను సముదాయించి, వ్యాజ్యముంటే న్యాయసభలున్నాయని చెప్పి ఇళ్ళకు పంపిన అధికారిని, గ్రీకులో మాట అదే గ్రమ్మతెయుస్ అయినా, మన అనువాదకులు 'కరణము' అన్నారు. ఇది ఎంత గొప్ప ఎంపికో ఆలోచించు. ఊరి కాగితాలు ఎవరి చేతిలో ఉంటాయో ఆ మనిషి మాటకు ఊళ్ళో ఎంత బరువుంటుందో తెలిసినవారే ఆ పదం వాడగలరు. గ్రీకు పదం ఒక్కటే కదా అని రెండు చోట్లా ఒకే తెలుగు మాట పెట్టి ఉంటే, యెరూషలేము పండితుడూ ఎఫెసు అధికారీ ఇద్దరూ మనకు దక్కకపోయేవారు.

ఆంధ్రప్రదేశ్‌లో కరణాల పదవి 1984లో రద్దయింది కాబట్టి నీ తరం పాఠకుడికి ఆ మాట తెలియకపోవచ్చునని నీవు అనవచ్చు. అలాంటప్పుడు 'నగర కార్యదర్శి' అని రాయి. అంతేగాని మళ్ళీ 'లేఖకుడు' దగ్గరకు పోవద్దు. ముందుగా ఏథెన్సు ఘట్టాన్ని తిరగరాయి. జాబు అతని చేతిలో ఉండాలి, జనం ఎదురుగా ఉండాలి, మొదటి వాక్యం అతడు పైకి చదవాలి. ఆ రెండు పుటలూ పూర్తికాగానే నాకు పంపు.