జీవితమంతా పాఠాలు చెప్పి, హక్కుల కోసం నిలబడ్డ మనిషిని పిల్లలతో ఎలా గౌరవించాలి? చార్ల్‌స్టన్ నుంచి ఒక జవాబు

మీరు అడిగింది ఇది: మీ తెలుగు సంఘం పిల్లలతో బ్లాక్ హిస్టరీ మంత్‌కి (అమెరికాలో నల్లవాళ్ల చరిత్రను తలుచుకునే నెల, ఫిబ్రవరి) కార్యక్రమం చేయాలి. మార్టిన్ లూథర్ కింగ్, రోజా పార్క్స్ అయిపోయారు. ఈసారి టీచరుగా బతుకుతూనే పౌర హక్కుల కోసం పనిచేసిన ఒకరు కావాలి. పైగా స్లైడ్లు, ఉపన్యాసాలు వద్దు.

నా జవాబు సెప్టిమా క్లార్క్. నేనుండేది ఆవిడ పుట్టిన ఊళ్లోనే, సౌత్ కరోలైనాలోని చార్ల్‌స్టన్‌లో. కాబట్టి కాస్త సొంతూరి అభిమానం కూడా ఉందనుకోండి.

ఈ ఊరికి కొత్తగా వచ్చినవాళ్లకి ఆవిడ పేరు మొదట వినిపించేది ట్రాఫిక్ వార్తల్లో. ఊరి మధ్య నుంచి పోయే హైవేకి సెప్టిమా పి. క్లార్క్ పార్క్‌వే అని పేరు పెట్టారు. జనం మాత్రం ‘క్రాస్‌టౌన్’ అనే అంటారు. గట్టి వాన పడి, అదే సమయానికి సముద్రం పోటు మీద ఉంటే అది మునుగుతుంది. 1960ల్లో ఆ రోడ్డు వేయడానికి కూల్చినవి ఎక్కువగా నల్లవాళ్ల ఇళ్లే. అలాంటి రోడ్డుకి ఆవిడ పేరు పెట్టి గౌరవించామనుకోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఆవిడ 1898 మే 3న పుట్టారు. తండ్రి బానిసగా పుట్టిన మనిషి, తల్లి బట్టలుతికేది. 1916లో ఏవరీ స్కూల్లో టీచర్ ట్రైనింగ్ పూర్తయ్యేసరికి పద్దెనిమిదేళ్లు. చార్ల్‌స్టన్ ప్రభుత్వ బడుల్లో నల్ల టీచర్లను పెట్టుకోని రోజులవి. అందుకని జాన్స్ ఐలండ్ అనే పల్లె ప్రాంతానికి వెళ్లారు. ఇద్దరు టీచర్లు, 132 మంది పిల్లలు. ఎదురుగా తెల్లవాళ్ల బడిలో ముగ్గురు పిల్లలు, ఒక టీచరు. ఆ ఒక్క టీచరుకిచ్చే జీతం వీళ్లిద్దరి జీతం కలిపినా రాదు. పిల్లలతో కార్యక్రమం చేసేటప్పుడు ఈ లెక్క తప్పకుండా చెప్పండి. మా పిల్లలు పుట్టిన తేదీలు మర్చిపోయారు కానీ ఇది మర్చిపోలేదు.

మూడేళ్ల తర్వాత ఊళ్లో గడపగడపకీ తిరిగి సంతకాలు సేకరించారు. 1920 నుంచి చార్ల్‌స్టన్ బడుల్లోకి నల్ల టీచర్లు వచ్చారు. తర్వాత రాష్ట్ర రాజధాని కొలంబియాలో తెల్ల టీచర్లతో సమాన జీతం కోసం జరిగిన కేసులో లాయరు థర్‌గుడ్ మార్షల్‌తో కలిసి పనిచేశారు. ఈ మధ్యలోనే పెళ్లి, పసిబిడ్డ మరణం, భర్త మరణం. కొడుకుని అత్తామామల దగ్గర ఉంచాల్సి వచ్చింది.

1956లో రాష్ట్రం ఒక చట్టం చేసింది. ప్రభుత్వ ఉద్యోగులెవరూ పౌర హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీలో ఉండకూడదు. చాలామంది సభ్యత్వం లేదని రాసిచ్చి ఊపిరి పీల్చుకున్నారు. ఈవిడ మాత్రం దాచలేదు. నలభై ఏళ్ల సర్వీసు, ఉద్యోగం, పింఛను అన్నీ పోయాయి. అప్పటికి వయసు 58. దీన్ని ఎదిరిద్దాం రమ్మని 726 మంది నల్ల టీచర్లకు ఆవిడ ఉత్తరాలు పంపారు. బదులిచ్చింది 26 మంది. చివరికి బడుల అధికారిని కలవడానికి వచ్చింది ఐదుగురు. నన్ను అడిగితే ఆవిడ గొప్పతనం ఆ తర్వాత కనిపిస్తుంది. రానివాళ్లను పిరికివాళ్లని తిట్టుకుంటూ కూర్చోలేదు. వాళ్లు సిద్ధం కాకముందే లాక్కురావాలని చూశానని, ముందు సిద్ధం చేయాల్సిందని అనుకున్నారు. తర్వాత చేసిన పనంతా ఆ సిద్ధం చేయడమే.

అప్పట్లో సౌత్ కరోలైనాలో ఓటరుగా నమోదు కావాలంటే రాష్ట్ర రాజ్యాంగంలో అధికారులు చూపించిన భాగం చదవాలి. అసలు చదువే చెప్పనివాళ్లకు పెట్టిన పరీక్ష అది. జాన్స్ ఐలండ్‌లో ఈసా జెంకిన్స్ అనే ఆయన పనివాళ్లను తన బస్సులో ఊళ్లోకి దింపేవాడు. దారిలో ఆ వాక్యాలు వల్లె వేయించేవాడు. ఆలిస్ వైన్ అనే ఆవిడ మొత్తం బట్టీపట్టేసి ఓటు తెచ్చుకుంది. అయినా బట్టీ కాదు, నాకు నిజంగా చదవడం రావాలి అని పట్టుబట్టింది.

అక్కడి నుంచే 1957 జనవరిలో మొదటి సిటిజన్‌షిప్ స్కూల్ పుట్టింది. మన రాత్రిబడి అనుకోండి. ముందు గదిలో కిరాణా కొట్టు, వెనక గదుల్లో చదువు. తెల్లవాళ్లకు అనుమానం రాకూడదని ఆ ఏర్పాటు. పాఠాలు చెప్పడానికి క్లార్క్ శిక్షణ పొందిన టీచరు కోసం వెతకలేదు. బ్యూటీషియన్‌గా పనిచేసే తన బంధువు బర్నీస్ రాబిన్సన్‌ని పెట్టారు. వచ్చినవాళ్లను చిన్నచూపు చూడదని, ఓపిగ్గా వింటుందని. రాబిన్సన్ పిల్లల వాచకాలు పక్కనపెట్టి, మీకేం నేర్చుకోవాలనుంది అని అడిగింది. పేరు రాయడం. దూరంగా ఉన్న కొడుకు ఉత్తరం చదవడం. మనీయార్డరు ఫారం, కేటలాగ్ చూసి సామాను తెప్పించుకునే ఫారం నింపడం. పాఠాలు అవే అయ్యాయి. పెన్సిల్ పట్టడం రాని చేతులకు అట్టముక్క మీద పేరు రాసిచ్చి, దాని మీదే మళ్లీ మళ్లీ దిద్దించేవాళ్లు. పంట పనులు లేని చలికాలంలో, వారానికి రెండు రాత్రులు.

దూబగుంట గుర్తొస్తోంది కదూ? 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్లు సారా దుకాణాలు మూయించారు. ఆ రెండు చోట్లకీ సంబంధం ఉందని అనను కానీ, మా సంఘంలో నెల్లూరు నుంచి వచ్చిన ఒక పెద్దావిడకి క్లార్క్ కథ చెబితే ఏ వివరణా అక్కర్లేకపోయింది.

1961 నుంచి ఈ బడులు కింగ్ నడిపిన సంస్థ కిందికి వచ్చాయి, దక్షిణాది అంతా పాకాయి. సుమారు 10,000 మంది మామూలు మనుషులు టీచర్లుగా తయారయ్యారు. 1965లో ఓటు హక్కు చట్టం వచ్చింది. అదే ఏడాది వచ్చిన వలస చట్టం వల్లే మనలాంటివాళ్లు ఇక్కడికి రాగలిగాం. పిల్లలకు ఇది చెబితే, వేరేవాళ్ల కథలా వినరు. ఇంకో సంగతి కూడా దాచకండి. సంస్థలో ఉన్న మగవాళ్లు ఆవిడను పెద్దగా లెక్కచేయలేదు. అన్ని ర్యాలీలకూ మీరే ముందు నడవకండి, ఊరూరా నాయకులను తయారు చేయండి అని కింగ్‌కి ఉత్తరం రాస్తే, అక్కడున్నవాళ్లు నవ్వారు.

ఇక మేం ఏం చేశామంటే. మొదట అనుకున్నది మామూలే: ఫోటోకి దండ, నాలుగు మాటలు, మెమెంటో, భోజనాలు. మాలో ఒకావిడ, దండ బదులు ఆ రాత్రిబడిలో అడిగిన ప్రశ్న మనమూ అడుగుదాం అంది. ఇండియా నుంచి వచ్చి ఉన్న అమ్మమ్మలు, తాతయ్యల దగ్గరికి పిల్లలను జంటలుగా పంపించి, ‘మీకేం నేర్చుకోవాలనుంది?’ అని తెలుగులోనే అడిగించాం. పిల్లలు ఏబీసీడీ చార్టులతో రెడీగా ఉన్నారు. ఆ చార్టు ఎవరికీ అక్కర్లేదు. ఒక బామ్మగారికి బిస్కెట్ ప్యాకెట్ వెనక ‘జెలటిన్’, ‘లార్డ్’ (రెండూ జంతువుల నుంచి తీసేవి) అనే మాటలు గుర్తుపట్టడం కావాలి, అంతే. ఇంకొకావిడకి మందుల షాపు నుంచి ఫోన్లో వచ్చే రికార్డు గొంతు ఎప్పుడు ఏ అంకె నొక్కమంటుందో తెలియాలి. ఒక తాతయ్యకి సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ టెన్షన్. ఆయన ప్రశ్నల పుస్తకంలో కింగ్ ఏం చేశాడు అన్న ప్రశ్న ఉంది. మనవడు క్లార్క్ గురించి కూడా ఉందేమోనని వెతికాడు. లేదు.

ఒక్క మధ్యాహ్నంతో సరిపోలేదు. కొన్ని జంటలు ఆ తర్వాత కూడా కొనసాగాయి, కొన్ని ఆగిపోయాయి. పిల్లల పరీక్షలు, పెద్దవాళ్ల తిరుగు ప్రయాణాలు, మీకూ ఉంటాయి. అందుకే పెద్దవాళ్లు ఇక్కడ ఉండే నెలలు చూసుకుని పెట్టుకోండి. ఫిబ్రవరి చలికి చాలామంది రారు. ఆవిడ పుట్టినరోజు మే 3 ఎలాగూ ఉంది.

కార్యక్రమంలో ఒక పిల్ల అడిగింది, ఆవిడ పింఛను తిరిగి ఇచ్చారా అని. ఇచ్చారు. ఉద్యోగం తీసేయడం అన్యాయమని 1976లో రాష్ట్ర గవర్నరు ఒప్పుకుని పునరుద్ధరించాడు. అప్పటికి ఆవిడకి 78. తనను తీసేసిన ఊళ్లోనే స్కూల్ బోర్డుకి కూడా ఎన్నికయ్యారు. 1979లో ప్రెసిడెంట్ కార్టర్ అవార్డు ఇచ్చాడు. 1987 డిసెంబరు 15న పోయారు. ఈ గౌరవాలన్నిటిలో నాకు లెక్కలోకి వచ్చేది ఆ పింఛను ఒక్కటే.

మీరు ఎప్పుడైనా ఇటు వస్తే, అందరూ జాన్స్ ఐలండ్‌లో ఏంజెల్ ఓక్ చెట్టు కింద ఫోటోలు దిగి వెళ్లిపోతారు. అదే ద్వీపంలో రివర్ రోడ్డు మీద, ఆ మొదటి రాత్రిబడికి చోటిచ్చిన జెంకిన్స్ వాళ్ల సంఘం ప్రోగ్రెసివ్ క్లబ్ 1963లో కట్టుకున్న భవనం ఉంది. 1989 హ్యూగో తుఫానుకి బాగా దెబ్బతింది. క్లార్క్ కాగితాలు ఊళ్లో బుల్ స్ట్రీట్‌లోని ఏవరీ రీసెర్చ్ సెంటర్‌లో ఉన్నాయి. ఆవిడ చదువుకున్న బడి అదే. పిల్లలను తీసుకెళ్లేటట్లయితే ముందుగా ఫోన్ చేసి వెళ్లండి.