‘పాస్డ్ పాన్’ దాటిన బంటా, అడ్డులేని బంటా?

సందేహం: పిల్లల కోసం చదరంగం పాఠాలు తెలుగులో రాస్తున్నాను. ‘పాస్డ్ పాన్’కి ‘దాటిన బంటు’ అని రాస్తే, మా మిత్రుడు ‘అడ్డులేని బంటు’ అనాలంటాడు. ఏది సరి? చివరి గడి చేరాక ‘బంటు మంత్రి అయ్యాడు’ అనాలా, ‘అయింది’ అనాలా?

సమాధానం: ‘దాటిన’ అనగానే దేన్ని దాటింది అన్న ప్రశ్న వస్తుంది. ఆటలో లెక్క వేరు. ఒక బంటుకు ముందు, దాని నిలువు వరుసలో గానీ పక్క వరుసల్లో గానీ ప్రత్యర్థి బంటు లేకపోతే చాలు, అది పాస్డ్ పానే. మొదటి గడిలోంచి కదలకపోయినా సరే. ‘అడ్డులేని’ కొంత నయం. కానీ ప్రత్యర్థి గుర్రం సరిగ్గా ముందు గడిలో తిష్ఠ వేసినా ఆ పేరు పోదు. అప్పుడు ‘అడ్డులేని బంటుకు గుర్రం అడ్డుపడింది’ అని రాయాల్సి వస్తుంది! పోనీ ‘ఎదురులేని’ అందామంటే అది తిరుగులేనిదన్న అర్థంలో స్థిరపడిపోయింది.

పాఠంలో మొదటిసారి ‘ఎదుటి బంట్ల అడ్డు లేని బంటు’ అని విప్పి చెప్పి, ఆ తర్వాత ‘పాస్డ్ పాన్’ అనే రాయండి. కోచింగుకు వెళ్లే పిల్లల నోట ఉన్న మాట అదే.

‘దాటిన’ ఎందుకు పొసగదో మీరెలాగూ నేర్పే ఒక ఎత్తులోనే తెలుస్తుంది. తెల్ల బంట్లు ఏ5, బి5, సి5లో, నల్ల బంట్లు ఏ7, బి7, సి7లో ఉన్నాయి (అక్షరం నిలువు వరుసను, అంకె తెల్లవైపు నుంచి లెక్కించే అడ్డు వరుసను చెబుతాయి). నల్ల రాజు దూరంగా ఉన్నాడు. తెల్ల ఆటగాడు బి6 ఆడతాడు. ఏ7 బంటు దాన్ని కొడితే సి6 ఆడతాడు, బి7 బంటు దాన్నీ కొడితే ఏ6. బి6 బంటును సి7 బంటు కొడితే ముందు ఏ6, తర్వాత సి6. రెండు బంట్లు పోయాయి, మూడోదానికి దారి తెరుచుకుంది. అది ఎవరినీ దాటలేదు, అడ్డున్నవాళ్లే పక్కకు తప్పుకున్నారు.

ఇక ‘అయ్యాడు’, ‘అయింది’ సంగతి. రామబంటు ‘వచ్చాడు’, ఎందుకంటే అక్కడ బంటు మనిషి. బల్ల మీది బంటు పావు, కాబట్టి ‘జరిగింది’, ‘అయింది’. రాజును మాత్రం ఆటలోనూ ‘ఇరుక్కున్నాడు’ అనేస్తాం, నేనూ పైన అలాగే రాశాను. దాన్ని దిద్దక్కర్లేదు.

అయితే ప్రతిసారీ ‘మంత్రి అయింది’ అని రాయకండి. ఏనుగు, శకటు, గుర్రం కూడా కావచ్చు. 1895లో గ్లాస్గోలో ఉన్న స్పెయిన్ ఫాదరీ సావేద్రా చూపించిన ముగింపు ఇందుకే ప్రసిద్ధి. తెల్లవైపు రాజు, ఒక్క బంటు. నల్లవైపు రాజు, ఏనుగు. బంటు సి8 చేరాక మంత్రిని తీసుకుంటే, నల్ల ఏనుగు సి4కి వచ్చి చెక్ చెబుతూ తనను తాను అప్పగించుకుంటుంది. మంత్రి దాన్ని కొట్టగానే నల్ల రాజుకు చెక్ ఉండదు, కదలడానికి గడీ ఉండదు, ఆట డ్రా. బంటును ఏనుగు చేసుకుంటే ఆ పాచిక పారదు, తెల్లవైపే గెలుపు.

బంటు ఇలా మారడాన్ని ‘పదోన్నతి’ అని కొందరు రాస్తున్నారు గానీ, నాకది ఆఫీసు ఉత్తర్వులా వినిపిస్తుంది. ‘బంటును ఏనుగు చేసుకున్నాడు’ అంటే హాయిగా ఉంటుంది. ఇక్కడ కర్త బంటు కాదు, ఆడే మనిషి. కోనేరు హంపి ఆట గురించి రాస్తే ‘బంటును మంత్రి చేసుకున్నారు’ అంటారు, అంతే.