డాలస్ రేడియో పటమటలో పలకదురా అబ్బాయ్

గుంటూరు, బ్రాడీపేట.

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మొన్న ఫోనులో నువ్వు అడిగిందానికి అప్పటికప్పుడు రెండు ముక్కల్లో జవాబు చెప్పలేకపోయాను. పైగా పక్కన కుక్కర్ కూతలు, మీ అత్తయ్య కేకలు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. నలభై ఏళ్లు రేడియోలు విప్పి బిగించినవాణ్ణి కదా, ఈ ఒక్క విషయంలో నా మాట వింటే నీకు డబ్బు మిగులుతుంది, నాకు పరువు మిగులుతుంది.

అమెరికా నుంచి తెచ్చిన ఆ సిరియస్ ఎక్స్ఎమ్ ఉపగ్రహ రేడియో సెట్టును విజయవాడ పటమటలో ఇంటికొకసారి, కారుకొకసారి మార్చుకుంటూ వాడదామనుకుంటున్నావు. సెట్టు మంచిదే. ఇంట్లో ఒక స్టాండు, కార్లో ఒక స్టాండు, మధ్యలో సెట్టును తీసి జేబులో వేసుకోవడం, ఆ ఏర్పాటు నాకూ నచ్చింది. కానీ అది ఇక్కడ మూగదిరా. దాని ఉపగ్రహాలు అమెరికా ఆకాశం మీద ఉన్నాయి. భూమధ్యరేఖకు ఎగువన దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో ఉన్నా, మనకూ వాటికీ మధ్య భూమే అడ్డం. డాలస్‌లో నీ నెత్తి మీద ఉన్నది విజయవాడలో నీ కాళ్ల కింద ఉంటుంది. కొత్త యాంటెన్నా కొన్నా, డాబా మీద ఎంత ఎత్తుకు కట్టినా లాభం లేదు. ఆ సేవ అమెరికా, కెనడా వాళ్లకే.

ముందు ఒక పని చెయ్యి. అక్కడ చందా ఆపేసి వచ్చావా? అది గడువు తీరాక దానంతట అదే రెన్యూ అవుతుంది, కార్డు నుంచి డబ్బు పోతూ ఉంటుంది. ఆపకపోతే ఇవాళే ఆపు. ఇంకోటి, ఇంటి స్టాండుతో వచ్చిన అడాప్టర్‌ను ఇక్కడ ప్లగ్గులో పెట్టే ముందు దాని వెనక చిన్న అక్షరాలు చదువు. 100 నుంచి 240 వోల్టులు అని ఉంటే సరే. 120 అని మాత్రమే ఉంటే మన 230 వోల్టులకు అది పొగే. ఆ ఇంటి స్టాండుకున్న స్పీకర్ పెట్టెకు ఆక్స్ అని రాసిన, బయటి నుంచి పాట ఇచ్చే రంధ్రం ఉంటే పారెయ్యకు, దానితో పని ఉంది, కింద చెబుతాను.

మన దగ్గర ఉపగ్రహ రేడియో అసలు రాలేదని కాదు. వచ్చింది, పోయింది. వరల్డ్ స్పేస్ అని నువ్వు ఇంజనీరింగ్ చదివే రోజుల్లో ఉండేది, గుర్తుందా? 2000లో ఆసియాస్టార్ అనే ఉపగ్రహాన్ని పంపారు. కర్ణాటక సంగీతానికి శ్రుతి, హిందుస్తానీకి గంధర్వ్, తెలుగుకి స్పందన, ఇలా విడివిడిగా ఛానళ్లు. ప్రకటనల గోల లేకుండా, గరగర లేకుండా పాట వినడం మాకు అదే మొదలు. మాతృసంస్థ 2008లో అమెరికాలో దివాలా పిటిషన్ వేసింది, 2009 డిసెంబరు 31తో ఇక్కడ ప్రసారాలు ఆగిపోయాయి. నా సెట్టు ఇంకా అలమరలో ఉంది. తుడిచి పెడుతుంటాను, ఎందుకో తెలియదు.

ఆ సెట్టు నాకు నేర్పిన పాఠం మాత్రం ఇప్పటికీ పనికొస్తుంది. యాంటెన్నా నోటుపుస్తకమంత ఉండేది, ఆగ్నేయానికి తిప్పి, సగం ఆకాశం కంటే కాస్త పైకి ఎత్తి పెట్టాలి. మా ఇంటికి సరిగ్గా ఆ వైపే పక్కింటివాళ్ల వేపచెట్టు. శివరాత్రి దాటి ఆకు రాలే రోజుల్లో సిగ్నల్ గీతలు నిండుగా ఉండేవి. ఉగాదికి చిగురు వేసి గుబురెక్కేసరికి సగానికి పడిపోయేవి. వాన కురిసి ఆకు తడిస్తే ఇక అంతే సంగతులు. నేను సెట్టు చెడిపోయిందని మూడుసార్లు విప్పాను. నాలుగోసారి మీ అత్తయ్య కిటికీలోంచి చెట్టు చూపించి, ‘‘అదిగో మీ రిపేరు’’ అంది. నలభై ఏళ్ల మెకానిక్కుని, ఏమనాలి చెప్పు! అప్పటి నుంచి ఉపగ్రహం మాట ఎవరెత్తినా నేను ముందు సెట్టు చూడను, ఆకాశం చూస్తాను.

ఇక ఇప్పటి సంగతి. అమెరికాలోలాగా కారులోకి నేరుగా ఉపగ్రహం నుంచి రేడియో అందించే చందా సేవ మన దగ్గర ఇప్పుడు లేదు. ఎవరైనా కారు సామాన్ల షాపులో ‘‘శాటిలైట్ రేడియో స్టీరియో సార్’’ అంటే, ఆ డబ్బా మీద రాసింది చదివి నవ్వి వచ్చెయ్యి. ఇంటికి మాత్రం ఉపగ్రహ రేడియో ఉంది, అదీ నెల చందా లేకుండా. డీడీ ఫ్రీ డిష్. అందరూ దాన్ని టీవీ అనుకుంటారు, రిమోట్ మీద టీవీ/రేడియో అనే బటన్ ఎవరూ నొక్కరు. నొక్కితే ఆకాశవాణి ఛానళ్ల వరుస వస్తుంది, వివిధ భారతి, తెలుగు, తమిళం, మరాఠీ. డిష్‌కు, బాక్సుకు ఒకసారి పెట్టే ఖర్చే. 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలైంది, ఇన్నేళ్లయినా నిలబడి ఉంది. ఒక కంపెనీ మూతపడితే మూగబోయే సెట్టు కాదు కాబట్టి నేను దీన్నే చెబుతాను.

డిష్ ఎక్కడ పెట్టాలనేది మీ అపార్టుమెంటులో అసలు గొడవ. ఫ్రీ డిష్ ఉపగ్రహం జీశాట్-15 తూర్పు రేఖాంశం 93.5 డిగ్రీల దగ్గర ఉంటుంది. విజయవాడ నుంచి చూస్తే అది ఆగ్నేయానికి, దక్షిణం వైపు కాస్త వాలి, ఆకాశంలో బాగా ఎత్తుగా ఉంటుంది. దాదాపు 65 డిగ్రీలు. మా తరం వాళ్లు ఆగ్నేయం అంటే వంటిల్లు అంటారు, డిష్‌వాళ్లు మాత్రం ఉపగ్రహం అంటారు. ఒక కిటుకు చెబుతాను. డిష్‌ను చూస్తే ఎదురింటి బాల్కనీ వైపు చూస్తున్నట్టే ఉంటుంది, కానీ దాని చూపు నిజానికి చాలా పైన ఉంటుంది, పళ్లెం ఆకారమే అలాంటిది. కాబట్టి రెండిళ్ల అవతలి కొబ్బరిచెట్టు గురించి టెన్షన్ పడకు. మీ డాబా మీదే ఉన్న నీళ్ల ట్యాంకు, లిఫ్టు గది, వీటి గురించి పడు. బాల్కనీలో పెట్టాలంటే అది తూర్పుకో దక్షిణానికో తిరిగి ఉండాలి, పైన ఇంకో బాల్కనీ కప్పు అడ్డం రాకూడదు. సాధారణంగా వస్తుంది. డాబానే ఖాయం చేసుకో.

కేబులు ఆర్‌జీ-6 తీసుకో, లోపలి తీగ రాగిది అడుగు. డిష్ దగ్గర కనెక్టర్ బిగించిన చోట టేపు చుట్టించు, లేకపోతే ఒక వానాకాలానికే నీరు దిగి పచ్చగా చిలుము పడుతుంది. జోరువాన పడుతున్నంతసేపు శబ్దం తెగితే కంగారుపడి డిష్‌ను తిప్పకు. ఆ తరంగాలకు వాన అంటే పడదు, తగ్గగానే అదే వస్తుంది. ఛానళ్లు మాయమైతే బాక్సును మళ్లీ ట్యూన్ చెయ్యాలి, ఐదు నిమిషాల పని. మెకానిక్‌ను పిలిచి డబ్బులివ్వకు.

ఇప్పుడు ఆ స్పీకర్ పెట్టె. బాక్సు వెనక ఎరుపు, తెలుపు పిన్నులు పెట్టే రంధ్రాలుంటాయి, అందులోంచి వైరు తీసి మీ అమెరికా స్పీకర్ పెట్టె ఆక్స్‌లో గుచ్చు. టీవీ వెలగకుండానే రేడియో మోగుతుంది. అయితే మొదటిసారి ఛానల్ వెతకడానికి టీవీ కావాలి, తర్వాత నంబరు గుర్తుంటే చాలు. అక్కయ్యకి, అదే మీ అమ్మకి, ఆ నంబరు పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి రిమోట్‌కు అంటించు.

అక్కయ్య మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. సెట్టు ఎంచుకునే ముందు ఎవరు ఏం వింటారో తేల్చుకో. ఆవిడకు కావలసింది విజయవాడ కేంద్రం. 1948 డిసెంబరు 1న మొదలైన కేంద్రం, మా చిన్నతనమంతా ఆ స్టేషన్ దగ్గర ముల్లు కదపకుండా గడిచింది. పొద్దున్నే భక్తిరంజని వింటూ పెరిగినవాళ్లం, వంద ఛానళ్లు ఇచ్చినా మా చెవి మళ్లీ అక్కడికే పోతుంది. డిష్‌లో వచ్చేది దేశమంతటికీ కలిపి ఇచ్చే తెలుగు ఛానల్, అది మన ఊరి కేంద్రం అచ్చంగా కాదు. అక్కయ్య కోసం ఒక మామూలు ట్రాన్సిస్టర్ కొను, సెల్లులు వేసేది, చార్జింగ్‌ది కాదు. ఎఫ్ఎమ్‌లో 102.2 దగ్గర విజయవాడ ఆకాశవాణి వాళ్ల రెయిన్‌బో కృష్ణవేణి పెట్టి ఇవ్వు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు కరెంటు లేక, చార్జింగ్ లేక ఫోన్లు ఎలా మూగబోయాయో మనవాళ్లే చూశారు. డిష్ బాక్సు కూడా కరెంటు పోతే డబ్బానే. రెండు సెల్లులు ఎప్పుడూ సొరుగులో ఉండాలి.

నీ సంగతి వేరు. నీకు ఆఫీసుకు వెళ్తూ పాత పాటలు, ఇంగ్లిషు వార్తలు, క్రికెట్ కామెంటరీ కావాలి. దానికి కారులో ఫోనే నీ ఉపగ్రహం. ప్రసార భారతి వాళ్ల న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో ఆకాశవాణి కేంద్రాలు రెండొందలకు పైగా ఉన్నాయి, డబ్బు కట్టక్కరలేదు. విజయవాడ కేంద్రం కూడా అందులోనే. డాలస్‌లో ఉన్నప్పుడు ఇది చెప్పలేదే అని నన్ను తిట్టుకోకు, నువ్వు అడగలేదు. డేటా గురించి భయం వద్దు. 64 కిలోబిట్ల ప్రసారమైతే గంటకు 30 ఎంబీ లోపే, 128 అయినా 60 దాటదు. ఫోన్‌ను బ్లూటూత్‌కు గానీ యూఎస్‌బీ వైరుకు గానీ కలుపు. నేనైతే వైరుకే ఓటేస్తాను, చార్జింగూ ఎక్కుతుంది, మధ్యలో తెగదు. బండి కదలకముందే స్టేషన్ పెట్టుకో. బెంజ్ సర్కిల్ దగ్గర ఆటోల మధ్య ఫోన్ తెరను వెతుకుతూ ఉంటే నేను ఊరుకోను.

చిట్టినగర్ సొరంగంలోకి వెళ్తే ఉపగ్రహమైనా, ఫోనైనా నోరు మూస్తుంది, అది నిమిషం బాధ. అసలు బాధ శ్రీశైలం దారిలో. దోర్నాల దాటి నల్లమలలోకి దిగాక ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు, ఎఫ్ఎమ్ అందదు. నీ డాలస్ రేడియోలాంటిది మన దగ్గర ఉంటే దాని విలువ అక్కడ తెలిసేది. లేదు కాబట్టి బయలుదేరే ముందు రోజు రాత్రి పాటలు ఒక పెన్‌డ్రైవ్‌లో వేసుకో. చాలా కారు స్టీరియోలు ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌నే చదువుతాయి, అది చూసుకో. పిల్లలకు కథలు, అక్కయ్యకు అన్నమయ్య కీర్తనలు, నీకు నీ ఘంటసాల, వేరువేరు ఫోల్డర్లు. కలిపి వేస్తే ఘాట్ రోడ్డు మీద తగవులు.

కారు స్టీరియో మార్పించాలనుకుంటే ఒక్క జాగ్రత్త. కంపెనీ ఇచ్చింది పనిచేస్తుంటే అసలు ముట్టుకోకు. తప్పదంటే, పాత వైర్లు కొయ్యకుండా కారుకు సరిపడే కప్లర్‌తోనే, అంటే వైర్లను కలిపే ప్లగ్గుతోనే బిగించమను, పక్కనే నిలబడు. నేను నిలబడలేదు. పేరెందుకు గానీ, ఒక షాపులో కొత్త యాంప్లిఫయర్‌ను ఆన్ చేసే సన్నవైరును తాళంచెవితో ఆగే లైనుకు కలపకుండా నేరుగా బ్యాటరీకే కలిపారు. కారు ఆపినా అది తాగుతూనే ఉంది. శివరాత్రికి కోటప్పకొండ వెళ్లాం. తెల్లవారుజామున తిరుగు ప్రయాణానికి తాళం తిప్పితే టక్కుమన్న చప్పుడు తప్ప మరేం లేదు. తిరునాళ్ల జనం తోసి స్టార్ట్ చేశారు. మీ అత్తయ్య కారు దిగకుండా ముందు సీట్లో కూర్చుని నన్నే చూసింది. పని పూర్తయ్యాక తాళంచెవి తీసి, యాంప్లిఫయర్ దీపం ఆరిందో లేదో చూసి అప్పుడు డబ్బివ్వు.

సిగరెట్ లైటర్‌లో పెట్టే ఎఫ్ఎమ్ ట్రాన్స్‌మిటర్లు పాత కార్లకు సరే, నీ కొత్త కారుకు వద్దు. మన ఊళ్లో ఎఫ్ఎమ్ స్టేషన్లు పక్కపక్కనే ఉన్నాయి, వారధి దాటేలోపు రెండుసార్లు గొంతు మారుతుంది. ఫోన్ స్టాండును డాష్‌బోర్డు మీద జిగురుతో అంటించకు. మే నెల ఎండకు అది కరిగి ఫోనుతో సహా నీ కాళ్ల దగ్గర పడుతుంది. ఏసీ గాలి వచ్చే చోట తగిలించే రకం తీసుకో, ఫోను కూడా చల్లగా ఉంటుంది.

డాలస్‌లో మీ తమ్ముడు కొత్త కారు తీసుకున్నాడన్నావు. ఈ సెట్టు వాడికే పంపించు, వాడికి పలుకుతుంది. ఇంట్లో పెట్టుకునేటప్పుడు యాంటెన్నాను దక్షిణపు ఆకాశం కనబడే కిటికీలో పెట్టమను, చెట్టు లేకుండా చూసుకోమను.

ఆదివారం పొద్దున్నే బస్సెక్కి వస్తాను. నా పాత దిక్సూచి, సిగ్నల్ మీటరు రెండూ తెస్తాను, నిచ్చెన మీ వాచ్‌మన్ దగ్గర ఉంటుందేమో అడిగి ఉంచు. ఈలోగా పొద్దున్న పది గంటలకు డాబా మీదకు వెళ్లి ఆగ్నేయం వైపు ఒక ఫోటో తీసి పంపు. నీళ్ల ట్యాంకు ఏ మూలన ఉందో అందులో కనపడాలి.

మీ మామయ్య