చేప తగ్గిందన్న మాట దగ్గర ఆగిపోకు

తమ్ముడూ,

కాకినాడ పక్కనున్న ఉప్పాడ తీరం మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. వాక్యం చక్కగా నడిచింది. కానీ తీరం కోతకీ, పులస కరువుకీ, రొయ్యల తెగుళ్లకీ ఒకటే కారణం రాశావు: వాతావరణ మార్పు. మూడింటిలోనూ దాని చెయ్యి ఉంది, కాదనను. ఎంతుంది, ఏ దారిన వచ్చింది అన్నది మూడు చోట్లా వేరు. అది విడదీసి చెప్పకపోతే చదివినవాడు "అయితే మన చేతిలో ఏముందిలే" అనుకుని పేజీ తిప్పేస్తాడు.

ముందు కోత సంగతి. 2006–2018 మధ్య సముద్ర మట్టం ప్రపంచ సగటున ఏడాదికి 3.7 మిల్లీమీటర్ల చొప్పున పెరిగిందని ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం ఐపీసీసీ లెక్క. ఉప్పాడలో ఇళ్లు కూలడానికి ఆ మిల్లీమీటర్లొక్కటే కారణమంటే నిలవదు. గోదావరి ఒండ్రులో చాలా భాగం పైన జయక్వాడీ, శ్రీరామసాగర్ లాంటి రిజర్వాయర్లలోనే దిగిపోతోంది. కొత్త మట్టి పడని డెల్టా తన బరువుకి తానే కుంగుతుంది. పైగా మన తీరంలో ఇసుక ఏడాది మొత్తం మీద ఎక్కువగా ఉత్తరానికే నడుస్తుంది. ఆ దారిలో హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ ఉంది, కాకినాడ ఓడరేవు కట్టడాలు ఉన్నాయి, వాటికి ఉత్తరాన, ఇసుక సరిగా అందని చోట, ఉప్పాడ ఉంది. మట్టం పెరగడం వీటన్నిటి మీద పడే అదనపు భారం. తుపాను, పౌర్ణమి పోటు ఒకేసారి వచ్చిన రోజున కెరటం ఎంత లోపలికి వస్తుందన్న దాంట్లో అది తెలుస్తుంది. ఈ వరసలోనే రాయి. రక్షణ గోడ ఉన్నచోట ఫొటో తీసుకుని వచ్చేయకు, గోడ ముగిసిన చోట గట్టు ఎలా ఉందో కూడా చూడు.

పులస పేరా తిరగరాయాలి. వరద నీరు సముద్రంలోకి వచ్చినప్పుడు, జూలై నుంచి సెప్టెంబరు దాకా, గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి ఏటికి ఎదురీదే చేప అది. ధవళేశ్వరంలో 1852లో ఆనకట్ట లేచాక పై నదికి దాని దారి మూసుకుపోయింది. దానికి తోడు సన్నకన్ను వలలు, పూడుకుపోయే మొగలు (ఏరు సముద్రంలో కలిసే చోట్లు). వాతావరణం పాత్ర వరద ఎప్పుడు వచ్చింది, ఎన్నాళ్లు నిలిచింది అన్న దగ్గర ఉంది. అందుకని యానాం వేలంపాట ధర రాస్తే, ఆ వారం ధవళేశ్వరం బ్యారేజీ నుంచి సముద్రంలోకి ఎన్ని క్యూసెక్కులు వదిలారో పక్కనే రాయి. ధర ఒక్కటే వేస్తే అది వంటల పేజీకి పోతుంది.

రేవులో "చేప తగ్గిందండీ" అని అందరూ అంటారు. అది మొదటి జవాబు మాత్రమే. ఆపైన అడుగు: ఎన్ని బారల లోతులో వల వేశారు, పదేళ్ల కిందట ఎన్ని బారల్లో వేసేవారు, వేటకి ఎన్ని లీటర్ల డీజిలు, ఎన్ని రోజులు, ఇంజిను ఎన్ని హార్స్‌పవర్. ఇంజినూ వలా పెద్దవైపోయాక మొత్తం పట్టుబడి తగ్గకపోయినా, లీటరు డీజిలుకి పడే చేప తగ్గి ఉండొచ్చు. పోయిన చేపతో పాటు కొత్తగా పడుతున్న చేప గురించీ అడుగు. నూనె కవళ్లు ఒకప్పుడు మలబారు తీరం చేప. సముద్రం వేడెక్కే కొద్దీ ఉత్తరానికీ తూర్పు తీరానికీ వ్యాపించాయని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్‌ఆర్‌ఐ) శాస్త్రవేత్తలు చెప్పారు. పైనీటిలో తిరిగే కానగర్తలు అడుగు వలల్లో ఎక్కువగా పడటాన్నీ వాళ్లే గమనించారు. చేపలమ్మే ఆడవాళ్లని తప్పకుండా అడుగు, చేప సైజు మారిన సంగతి వాళ్లకే ముందు తెలుస్తుంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. జూన్ మూడో వారంలో వెళ్లి బుట్టలు నిండుగా ఉన్నాయని రాస్తే ఏడాదంతా తప్పు చెప్పినట్టే. పెద్దవాళ్లకి ఏ సంవత్సరమో గుర్తుండదు. "86 వరదకి ముందా? 96 నవంబరు తుపాను తరవాతా? 2022 జూలై వరదకా?" అని అడిగితే చటుక్కున చెబుతారు.

ఇక రొయ్యల చెరువులు. నీ వ్యాసంలో అన్నిటికన్నా పల్చగా ఉన్న భాగం ఇదే, నిజానికి వేడి లెక్క రూపాయల్లో కనిపించేది ఇక్కడే. మంచినీరు 25 డిగ్రీల దగ్గర లీటరుకి సుమారు 8.2 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటుంది, 30 దగ్గర 7.5, 35 దగ్గర 7కి కాస్త దిగువ. ఉప్పు ఉంటే ఇంకా తక్కువ. అదే వేడికి రొయ్యకి ఊపిరి అవసరం పెరుగుతుంది, అడుగున మిగిలిన మేత తొందరగా కుళ్లి ఉన్న ఆక్సిజన్ని తినేస్తుంది. మన చెరువుల్లో ఎక్కువగా పెంచే వనామీ రొయ్యకి 28–32 డిగ్రీలు హాయి. అందుకే మధ్యాహ్నం వెళ్లి ప్రయోజనం లేదు, ఆ వేళ నాచు వెలుతురులో ఆక్సిజన్ వదులుతూ ఉంటుంది. తెల్లవారుజామున 3–5 మధ్య గట్టు మీద ఉండు. డీఓ, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, లీటరుకి 4 మిల్లీగ్రాముల కన్నా దిగితే రైతు ముఖం మారుతుంది, ఇంకా బాగా దిగితే రొయ్య నీటిపైకి తేలుతుంది.

అకాల వర్షం పడితే వరస ఇది. వాననీరు తేలిక కాబట్టి ఉప్పునీటి మీద పొరలా నిలుస్తుంది, కిందికి గాలి అందదు. నీటి ఆమ్ల, క్షార గుణం తెలిపే పీహెచ్, దాన్ని నిలకడగా ఉంచే ఆల్కలినిటీ పడిపోతాయి. మబ్బు వల్ల నాచు పని చేయదు, ఒక్కోసారి మూకుమ్మడిగా చచ్చి అడుగుకి దిగుతుంది. రొయ్య కుబుసం వదిలి మెత్తబడుతుంది, పక్క రొయ్యలే తినేస్తాయి, రోగం తెచ్చే విబ్రియో బాక్టీరియా పుంజుకుంటుంది. రైతు మేత తగ్గిస్తాడు, తూములోంచి పైనీరు వదులుతాడు, గట్ల మీద ముందే సున్నం చల్లి ఉంచుతాడు, నీటిలో గాలి కలిపే ఏరేటర్లు ఆపకుండా తిప్పుతాడు. కరెంటు పోతే జనరేటరు. కాబట్టి నష్టం అంచనాకి చచ్చిన రొయ్యలు ఒక్కటే లెక్క కాదు. ఏరేటర్ గంటలు, కరెంటు బిల్లు, డీజిలు, 30 కౌంటు (కిలోకి 30 రొయ్యలు) దాకా పెంచుదామనుకుని భయపడి 80 కౌంటుకే పట్టేసిన చెరువులు, ఇవి అడుగు.

అయితే రైతుని బాధితుడిగా మాత్రమే చూపించకు. బోర్లతో ఉప్పునీరు తోడి చెరువు నింపితే పక్క కొబ్బరితోటలో బావి ఉప్పెక్కుతుంది, అది సముద్రం చేసింది కాదు. ఊరి బావి ఉప్పయిందంటే చెరువు ఎంత దూరంలో ఉంది, చెరువు తవ్వక ముందు నీళ్లెలా ఉండేవి, వేసవిలో బ్యారేజీ దిగువకి నీళ్లు రాని నెలల్లో ఉప్పు ఎక్కువవుతుందా అని అడుగు. చెరువు చుట్టూ నాలుగైదు బావుల్లోనే ఉప్పుంటే ఒక కథ, ఏటి పొడవునా ఉంటే ఇంకో కథ. చెరువు నీటి ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటరు చాలామంది రైతుల దగ్గర ఉంటుంది, కానీ బావి నీటిలో ఉండే కొద్దిపాటి ఉప్పుని అది సరిగ్గా పట్టలేదు. దానికి, నీటిలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటరు తీసుకెళ్లు.

కోరింగ మడ అడవుల పేరా బాగుంది, తగ్గించకు. పిల్ల రొయ్యలకీ పీతలకీ అది పురిటిల్లు అన్న మాట ఉంచు, "ప్రకృతి గోడ" మాత్రం తీసెయ్.

తిరగరాసి పంపేటప్పుడు ప్రతి అంకె పక్కనా మార్జిన్లో రాయి: ఎవరు చెప్పారు, ఏ రోజు, ఏ వేళప్పుడు, నీ కళ్లతో చూశావా విన్నావా. వ్యాసంలో అవి ఉండక్కర్లేదు, నాకు కావాలి.

నీ శ్రేయోభిలాషి,
అన్నయ్య