పాత పెంకుటింటి సామాను కొత్త ఇంట్లో ఎలా ఒదుగుతుంది?

దేవరకొండ దగ్గరి పల్లెలో తాతల నాటి పెంకుటిల్లు విప్పుతున్నామని, అందులోని ఇత్తడి కాగులు, ఇసుర్రాయి, టేకు దర్వాజలు, నాయనమ్మ చీరలు పాత సామాను వాళ్లకు తూకానికి వేయడానికి మనసు ఒప్పడం లేదని, వాటితో నల్లగొండలోని కొత్త ఇంటిని ఎలా అలంకరించుకోవచ్చో చెప్పమని మీరు అడిగారు. మేము 2018లో ఇదే పని చేశాము. కొన్ని వస్తువులు చక్కగా కుదిరాయి, కొన్నింటిని నా చేతులతో నేనే పాడు చేశాను. మీకు ఎక్కువగా పనికివచ్చేవి ఆ పాడైన వాటి సంగతులే కనుక వాటినే ముందుగా రాస్తున్నాను.

మా ఇంట్లో స్నానాలకు నీళ్లు కాగిన పెద్ద ఇత్తడి కాగు ఒకటి ఉండేది. గీజరు వచ్చాక అది అటకెక్కి నల్లబడిపోయింది. దాన్ని ఒక్క పూటలో మెరిపించాలన్న తొందరలో, బాత్రూము బండలు కడిగే యాసిడ్ పోశాను. నలుపు పోయింది గానీ ఒంటినిండా బొల్లి మచ్చల్లాగా ఎర్రటి మరకలు తేలాయి. ఇత్తడి అంటే రాగి, జింకు కలిసిన లోహం. ఘాటైన ఆమ్లం జింకును కరిగించి పట్టుకుపోతే పైన రాగి మాత్రమే మిగిలి ఆ ఎరుపు బయటపడుతుంది, మామూలుగా తోమితే అది పోదు. ఏళ్ల తరబడి బడిలో రసాయన శాస్త్రం చెప్పిన మనిషిని, చింతపండుతో తోమమని అమ్మ చెబుతున్నా వినకుండా ఈ పని చేశానని మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుకుంటారు. చింతపండులోనిదీ ఆమ్లమే, కానీ మెత్తనిది. నానబెట్టిన గుజ్జులో కాస్త ఉప్పు కలిపి పీచుతో రుద్ది, ఆరనివ్వకుండా వెంటనే కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఎండ తగలనిచ్చి, ఆ తర్వాత నాలుగు చుక్కల కొబ్బరి నూనె గుడ్డకు అద్ది పైపైన రాస్తే చాలు. అడుగున పట్టిన పొయ్యి మసిని మాత్రం నేను కావాలనే ఉంచేశాను, ఆ కాగుకు అదే అందమని నా అభిప్రాయం.

రెండో కాగుతో చేసిన పొరపాటు ఇంకా పెద్దది. అందులో నేరుగా మట్టి నింపి, పేడ ఎరువు దండిగా కలిపి, వరండాలో మనీప్లాంటు పెట్టాను. రెండు వానకాలాలు గడిచేసరికి మెడ దగ్గర, అతుకు వెంబడి, వెంట్రుకంత సన్నని పగులు కనిపించింది, తర్వాత అందులోంచి నీరు కారసాగింది. సుత్తితో కొట్టి సాగదీసిన ఇత్తడిలో ఒక బిగువు దాగి ఉంటుంది, దానికి తేమ, అమ్మోనియా తోడైతే లోహం దానంతటదే చీలుతుంది. బ్రిటిషు వారి కాలంలో మన దేశంలోనే, వానల్లో గుర్రపుశాలల్లో దాచిన ఇత్తడి తూటా గొట్టాలు ఇలాగే పగిలేవి; దానికి గుర్రాల మూత్రం నుంచి పుట్టే అమ్మోనియా కారణమని 1921లో తేలింది. మా కాగుకూ పేడతో అదే గతి పట్టిందని నేను అనుకుంటున్నాను. మీరు మొక్క పెట్టదలిస్తే ప్లాస్టిక్ కుండీలో పెట్టి, ఆ కుండీని కాగులో దించండి, నీళ్లు పోసేటప్పుడు బయటికి తీయండి.

చీరల్లో గద్వాలవి ఉంటే వాటిని ముందుగా విడదీసి పెట్టుకోండి. మా అత్తగారిది గద్వాల ప్రాంతం కావడం వల్ల ఈ సంగతి నాకు తెలిసింది. గద్వాల చీరలో ఒళ్లు నూలుది, అంచూ కొంగూ పట్టువి. వాటిని నేతలోనే ఒకదానితో ఒకటి ముడివేసి కలుపుతారు, దాన్నే కుప్పడం అంటారు. కట్టి కట్టి నూలు భాగం చీకిపోయినా అంచు చాలాకాలం గట్టిగా నిలుస్తుంది. మేము మూడు చీరల అంచులను కోసి, మందపాటి తెల్లని నూలు గుడ్డ మీద సన్నని దారంతో కుట్టించి, పొడుగు పటాలుగా కట్టించాము. జిగురు మాత్రం వాడవద్దు, కొన్నాళ్లకు పసుపుపచ్చని చారలు దిగుతాయి. అద్దం కూడా పట్టుకు తగలకుండా మధ్యలో కాస్త ఎడం ఉంచమనండి. కిటికీకి ఎదురుగా వేలాడదీస్తే మన ఎండకు రంగు నిలవదు. పాత జరీ చీరలు కొంటామని వీధుల్లో తిరిగేవారికి కావలసింది అందులోని వెండి, మీ నాయనమ్మ అంచు కాదు.

దర్వాజలకు ముందు చెదలు చూడండి. మాది ఒకటి పైకి నిగనిగలాడుతూ ఉన్నా, అడుగు కొయ్యను వేలితో నొక్కితే లోపలికి దిగింది. చెడిన భాగాన్ని కోయించి, మిగిలినదాన్ని బాగా ఎండబెట్టి, చెదల మందు పట్టించి, పైన అవిసె నూనె రాయించాము, రంగు వేయించలేదు. రెక్కలు ఇప్పుడు ముందు గదిలో అద్దానికి చట్రమయ్యాయి. గడపను బల్లగా చేయిద్దామని నేనంటే అమ్మ ఒప్పుకోలేదు. ఏళ్ల తరబడి పసుపు రాసి బొట్లు పెట్టిన గడప మీద టీ కప్పులు ఎలా పెడతారని ఆమె అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. అది పూజగది ముందే ఉంది.

ఇసుర్రాయిని మేడ మీదికి మోసి నడుము నొప్పి తెచ్చుకోకండి, కింద తులసికోట పక్కన ఉంచితే చాలు. రోట్లో నీళ్లు పోస్తే పిట్టలు వస్తాయి, కానీ రెండు రోజులకొకసారి ఒంపకపోతే దోమలూ వస్తాయి. పాత కందిలికి, అంటే లాంతరుకు, కరెంటు పెట్టించాలనుకుంటే ఎల్ఈడీ బల్బే వేయించి, రేకు అంచున తీగ కోసుకుపోకుండా రబ్బరు బుష్ పెట్టించండి. సందూక పెట్టెను గోడవారగా వేస్తే కూర్చోవడానికి పనికివస్తుంది, లోపల దుప్పట్లూ పడతాయి.

ఇల్లు విప్పే రోజుకు ముందే మేస్త్రీని తీసుకెళ్లి, ఏయే తలుపుల గొళ్లేలు, గొలుసులు, బందులు విరగకుండా తీయాలో సుద్దముక్కతో గుర్తుపెట్టి చూపించండి. మేము ఆ మాట మధ్యాహ్నం చెప్పాము. వీధి తలుపు గొలుసు పొద్దున్నే పాత ఇనుము సంచిలో వెళ్లిపోయింది, ఇప్పుడు ఆ రెక్కకు గొలుసు ఉండిన చోట రెండు చిల్లులు మాత్రమే ఉన్నాయి.